తోలు మోటోక్రాస్ బూట్లకు ప్రెషర్ వాటర్ గన్ కొట్టొచ్చా? నూనె రాయాలా, వద్దా?

చెలకనేల (హైదరాబాద్):
అందరికీ నమస్తే. ఈ రెండు ప్రశ్నలకు మా మోటోక్రాస్ (మట్టి ట్రాక్ మీద బైక్ రేసు) గ్రూపులో తలా ఒక జవాబు చెప్పిన్రు, కొట్లాట దాకా పోయింది. అందుకే ఇక్కడ పెడుతున్న.

నావి నిజం తోలు బూట్లు. ఇటలీవి, ఓ సీనియర్ రైడర్ దగ్గర సెకండ్‌హ్యాండ్‌ల కొన్న. పోయిన నెల జహీరాబాద్ వైపు నల్లరేగడిల ప్రాక్టీస్ చేసినం. పొద్దుగాల వాన పడ్డది. సాయంత్రానికి ఒక్కో బూటు రెండు బూట్లంత బరువైంది. వచ్చేటప్పుడు వాటర్ సర్వీసింగ్ కాడ ఆగి, బైక్‌తోపాటు బూట్లు కూడా కింద పెట్టి గన్ కొట్టించిన. రెండు నిమిషాలల్ల తళతళ మెరిసినయ్. రెండు రోజులు డాబా మీద ఎండల పెట్టిన. మూడో రోజు తొడిగితే చీలమండ కాడ చెక్కలెక్క అయింది, వంగుతలేదు. మడత పడే చోట సన్నటి గీతలు. కుడి బూటు ముందట సోల్‌కూ తోలుకూ నడుమ పోస్టుకార్డు దూరేంత సందు.

తప్పు గన్‌దా, ఎండదా? ఇప్పుడు నూనె పెట్టాల్నా?

విశాఖ ర్యాంప్:
గన్ మీద నింద వేయకండి బ్రో. ఆరేళ్లుగా గన్‌తోనే కడుగుతున్నాను, ఒక్క కుట్టు ఊడలేదు. మడ్‌గార్డ్ కింద కొట్టినట్టు జానెడు దూరం నుంచి కొడితే ఏ బూటూ నిలవదు. నేను బారెడు దూరంలో పెట్టి, నీళ్లు విసనకర్రలా పరుచుకునే నాజిల్‌తో, పైనుంచి కిందికి కొడతాను. కుట్ల మీదుగా నీళ్లు జారాలి గానీ కుట్లలోకి సూటిగా దిగకూడదు. సోల్ అంచు దగ్గరకైతే గన్ అసలు తీసుకెళ్లను.

ఇంకో సంగతి. బూట్లు కాలికి ఉండగానే బురద వదిలించుకోండి. ఖాళీ బూటును నిలబెట్టి కొట్టారంటే బిందె నింపినట్టే. బయట పడ్డ నీళ్లు పూటలో ఆరిపోతాయి. లోపల ఫోమ్ తాగిన నీళ్లు వారమైనా వదలవు.

టూస్ట్రోక్ అక్క (బెంగళూరు):
విశాఖ తమ్ముడూ, గన్ నీ చేతిలో ఉన్నప్పుడు నువ్వు చెప్పిందంతా జరుగుతుంది. సర్వీసింగ్ కుర్రాడి చేతిలో ఉన్నప్పుడు జరగదు. వాడికి వెనకాల ఇంకో పది బళ్లు ఆగి ఉంటాయి. అందుకే నేను గన్ వద్దంటాను.

నా పద్ధతి ఇది. లోపలి అట్ట, ఊడివచ్చే లోబూటు ముందే బయటికి తీసేస్తాను. ఒక బకెట్ మామూలు నీళ్లు, ఒక మెత్తటి కుచ్చుల బ్రష్, ఒక పాత టూత్‌బ్రష్. పెద్ద బ్రష్‌తో పైభాగం, టూత్‌బ్రష్‌తో బకిళ్ల కీళ్లు. ఒక్క ఇసుక రేణువు ఆ కీలులో ఉండిపోయినా ప్రతిసారీ క్లిప్ వేసినప్పుడల్లా అల్యూమినియాన్ని అరగదీస్తుంది. కొన్నాళ్లకు ఆ పట్టీ వదులవుతుంది. ఆ తర్వాత తడిగుడ్డతో తుడుపు. మొత్తం ఇరవై నిమిషాలు. ఇరవై ఐదు వేలు పెట్టి కొన్న వస్తువుకు ఆ మాత్రం టైమ్ ఇవ్వలేమా?

చెలకనేలా, బురద తడిగా ఉండగానే కడిగావా, ఎండాక కడిగావా?

చెలకనేల:
సగం ఎండింది అక్కా. ఇంటికొచ్చే తొవ్వల రెండు గంటలు డిక్కీల ఉన్నయ్.

టూస్ట్రోక్ అక్క:
అదీ సంగతి. ఎర్రమట్టి, చెలక మట్టి అయితే ఎండనిచ్చి దులిపినా పర్వాలేదు, పెచ్చులుగా రాలిపోతుంది. నల్లరేగడి అలా కాదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బిగుసుకుపోతుంది. చేను నెర్రెలిచ్చేది అందుకే కదా. బూటు మీద ఎండినా అదే పని. కుట్ల సందుల్లో కూర్చుని పెళ్లకట్టి, గోకితే పైపూతను పట్టుకుని ఊడుతుంది. నల్లరేగడిలో తొక్కిన రోజు మాత్రం ట్రాక్ దగ్గరే రెండు సీసాల నీళ్లు పోసి వదిలించుకోవాలి.

పాలమూరు గాలి:
మీరంతా కడుగుడు ముచ్చటే మాట్లాడుతున్రు. తోలుకు తిండి ఎవరు పెడతరు? మా తాత కిర్రు చెప్పులకు ఆముదం రాసి రాత్రంతా గోడకు ఆనిచ్చి పెట్టేటోడు. ఆ చెప్పులు ఏండ్లకేండ్లు వచ్చినయ్. నా బూట్లకు కూడా నెలకోసారి ఆముదమే. నాలుగేండ్లయింది, వెన్నలెక్క వంగుతయ్. చెలకనేల తమ్మీ, భయపడకుండ గోరువెచ్చటి ఆముదం పట్టియ్యి, చెక్క పోయి మల్ల తోలు అయితది.

విశాఖ ర్యాంప్:
ఆముదం రాసి మర్నాడు ట్రాక్ మీదికెళ్తే దుమ్మంతా బూట్లకే అంటుకుంటుంది అన్నా. నేను ఒకసారి కొబ్బరి నూనె రాసి అనుభవించాను. మా ఊరి గాలికి పది రోజుల్లో ఆకుపచ్చ బూజు పట్టింది.

రాణిపేట నెల్లూరోడు:
నేను రైడర్ని కాను, తోళ్ల పరిశ్రమలో పదహారేళ్లుగా పనిచేస్తున్నాను. ఇక్కడ రెండు వేరు వేరు తోళ్ల గురించి ఒకే తోలన్నట్టు వాదించుకుంటున్నారు. కాస్త ఓపికగా చదవండి.

పాలమూరు అన్న తాతగారి చెప్పులు తంగేడు చెక్కతో (బెరడుతో) పదును చేసిన, అంటే పచ్చి చర్మాన్ని కుళ్లకుండా మార్చిన, తోలువి అయ్యుంటాయి. మన దక్షిణాదిలో తరతరాలుగా తంగేడు చెక్క, కరక్కాయ వేసి తోలు పదును చేసేవాళ్లు. ఆ తోలు గట్టిగా ఉంటుంది, పైన ప్లాస్టిక్ పూత ఉండదు, నూనె పెడితే తాగుతుంది. ఆముదం దానికి సరైన మందే. తాతగారు చేసింది నూటికి నూరుపాళ్లు సరి.

ఇప్పటి మోటోక్రాస్ బూట్లలో తోలు ఉంటే అది దాదాపుగా క్రోమ్‌తో (క్రోమియం ఉప్పులతో) పదును చేసిందే. టానరీలో (తోలు పదును చేసే కార్ఖానాలో) డ్రమ్ములో తిప్పేటప్పుడే నూనెను నీళ్లలో పాలలా కలిపి తోలుకు తాగిస్తాం. ఫ్యాట్‌లిక్కర్ అంటాం దాన్ని. పోగుకూ పోగుకూ మధ్య ఆ నూనె ఉంటేనే తోలు వంగుతుంది. తర్వాత పైన పాలియురిథేన్ అనే ప్లాస్టిక్ పూత వేస్తాం. ఆ పూత బాగున్నంత కాలం మీరు పైన ఏ నూనె రాసినా లోపలికి దిగదు. జిగురుగా పైనే కూర్చుంటుంది, దుమ్ము పడుతుంది, కుట్ల రంధ్రాల్లోంచి దిగి సోల్ అంటించిన సొల్యూషన్‌ను మెత్తబరుస్తుంది.

మీ బూటు ఏ రకమో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. నాలుక లోపలి వైపు, లేదా పైఅంచు దగ్గర, రంగు వేయని కోసిన అంచు వెతకండి. ఆ అంచు నీలిబూడిద రంగులో ఉంటే క్రోమ్, బెల్లం రంగులో ఉంటే చెక్క పదును. అంచంతా ఒకే రంగులో, పోగులు లేకుండా నున్నగా గుడ్డ కోసినట్టు ఉంటే అసలు తోలే కాదు, మైక్రోఫైబర్ అనే కృత్రిమ తోలు. ఈ రోజుల్లో ఖరీదైన బూట్లు చాలావరకు ఇవే. వాటికి ఏ నూనె రాసినా దండగ.

ఇంకో పరీక్ష. గీతలు పడ్డ చోట ఒక్క చుక్క నీళ్లు వేసి నిమిషం చూడండి. చుక్క ముత్యంలా నిలబడితే పూత ఉంది, అక్కడ నూనె జోలికి పోవద్దు. చుక్క ఇంకి మచ్చ నల్లబడితే పూత పోయింది. అక్కడ మాత్రమే, బఠాణీ గింజంత లెదర్ కండిషనర్ గుడ్డకు తీసుకుని రుద్దండి.

సబ్బు మాట కూడా చెప్పాలి. తోలుది ఆమ్ల గుణం, పీహెచ్ సుమారు 4 దగ్గర ఉంటుంది. బట్టల పౌడర్ నీళ్లు 10 దగ్గర, అంటే క్షారం వైపు ఉంటాయి. అది మురికితో పాటు మేం డ్రమ్ములో తాగించిన నూనెను కూడా లాగేస్తుంది. ఉత్త నీళ్లు మేలు. మరీ గ్రీజు అంటితే ఘాటు లేని బేబీ షాంపూ రెండు చుక్కలు చాలు.

ఇక చెలకనేల గారి బూట్లు. సోల్ సందు గన్ పనే. చెక్కబారడం మాత్రం ఎండ పని.

డాలస్ డర్ట్:
ఇక్కడ టెక్సాస్‌లో గుర్రపు జీనులమ్మే ఏ కొట్టుకెళ్లినా శాడిల్ సోప్ డబ్బా చేతిలో పెడతారు. నేనూ వాడుతున్నాను. అది తోలు కోసమే చేసిన సబ్బు కదండీ, దానికి కూడా అభ్యంతరమా?

రాణిపేట నెల్లూరోడు:
జీనులు ఎక్కువగా చెక్క పదును తోలువి, మందంగా ఉంటాయి. ఆ సబ్బు వాటి కోసం పుట్టింది. సబ్బు సబ్బే కాబట్టి అదీ క్షారమే. అందులో కలిపిన మైనం, నూనె కొంత కాపాడతాయి. ఏడాదికోసారి వాడితే ఏం కాదు. ప్రతి ఆదివారం వాడుతుంటే మానేయండి.

డాలస్ డర్ట్:
అర్థమైంది. మోటోక్రాస్ బూట్లకు నూనె, గ్రీజు పట్టించే అలవాటు కూడా ఇలాగే వేరే బూట్ల నుంచి వచ్చిందేమో అనిపిస్తోంది. మోటోక్రాస్ బూట్ల కంపెనీ ఆల్పైన్‌స్టార్స్ 1963లో ఇటలీలోని ఆసోలోలో మొదలైంది, ఇంకో కంపెనీ సీడీ (Sidi) 1960లో ఆ పక్కనే మాసెర్‌లో. ఆ చుట్టుపక్కల ఊళ్లు చాలావరకు అంతకు ముందు కొండలెక్కే బూట్లు, స్కీ బూట్లు చేసినవే. ఆల్పైన్‌స్టార్స్ పేరే ఆల్ప్స్‌లో పూసే ఎడెల్‌వైస్ పువ్వుకు ఇటాలియన్‌లో ఉన్న పేరు నుంచి వచ్చింది. మంచులో నడిచే బూటుకు గ్రీజు పట్టించే అలవాటు బురదలో తొక్కే బూటుకు పాకి ఉంటుంది.

విశాఖ ర్యాంప్:
నెల్లూరు సార్, ఒక సందేహం. క్రోమ్ తోలు మరిగే నీళ్ల వేడిని కూడా తట్టుకుంటుందని విన్నాను. మరి డాబా మీద ఎండ దాన్ని ఏం చేస్తుంది? నేను కూడా ఎండలోనే ఆరబెడుతున్నాను.

రాణిపేట నెల్లూరోడు:
మంచి ప్రశ్న. క్రోమ్ తోలు తడిగా ఉన్నప్పుడు 100 డిగ్రీల దాకా ముడుచుకోదు, నిజమే. చెక్క పదునుదైతే 70 నుంచి 85 మధ్యే ముడుచుకుంటుంది. కానీ ఇక్కడ సమస్య ముడుచుకోవడం కాదు. పైపొర గబగబా ఆరితే లోపలి నీళ్లు పైకి ఎగబాకుతాయి. వాటితో పాటు కరిగిన ఉప్పులు, కొంత నూనె కూడా కదులుతాయి. నూనె తగ్గిన పోగులు ఎండుతూ ఎండుతూ ఒకదానికొకటి అతుక్కుంటాయి. గంజి పెట్టిన చీరను ఉండలా ఎండబెడితే ఎలా బిర్రబిగుస్తుందో అలా. ఆ స్థితిలో మీరు కాలు దూర్చి చీలమండ వంచారంటే పోగులు విడిపోవు, తెగుతాయి. ఆ సన్నగీతలు వచ్చింది అప్పుడే.

బండి సైలెన్సర్ మీద బూట్లు పెట్టి ఆరబెట్టేవాళ్లను కూడా చూశాను. అక్కడ వంద డిగ్రీలు ఎప్పుడో దాటిపోతాయి. దయచేసి ఆ పని చేయకండి.

టూస్ట్రోక్ అక్క:
నేను ఆరబెట్టే తీరు చెబుతాను. బకిళ్లన్నీ విప్పి, నాలుక బయటికి లాగి, లోపల న్యూస్‌పేపర్ ఉండలు బొటనవేలి దాకా కుక్కుతాను. మొదటి ఉండలు గంటలో తడిసి ముద్దవుతాయి, తీసి కొత్తవి. రెండు గంటలకు మళ్లీ. మూడోసారికి కాగితం పొడిగా వస్తుంది. అప్పుడు కాగితాలు తీసేసి నీడపట్టున, టేబుల్ ఫ్యాన్ ముందు పక్కకు పడుకోబెడతాను. రెండు రోజులు. లోపల చెయ్యి పెడితే చల్లగా తగిలిందంటే ఇంకా తడి ఉన్నట్టే.

లోపలివైపు ఇంజిన్‌కు ఆనే స్వెడ్ (గరుకు తోలు) ముక్కకు మాత్రం ఏ కండిషనరూ తగలనివ్వొద్దు. బండిని మోకాళ్లతో, పిక్కలతో పట్టుకునేది దాంతోనే. జారితే మలుపులో మనమే పోతాం.

పాలమూరు గాలి:
నా బూట్ల అంచు చూసిన. బెల్లం రంగే ఉంది! పాత ట్రెక్కింగ్ బూట్లు అవి, మోటోక్రాస్‌వి కావు. సార్ చెప్పింది ఒప్పుకుంటున్న. నా ఆముదం నాకు, మీ కండిషనర్ మీకు.

చెలకనేల (పది రోజుల తర్వాత):
అందరికీ థ్యాంక్స్. నాలుక అంచు చూసిన, నీలిబూడిద రంగే. చుక్క పరీక్ష చేసిన. చీలమండ కాడ నాలుగు చోట్ల ఇంకింది, మిగతా బూటంతా ముత్యాలే. ఆ నాలుగు చోట్ల మాత్రమే కండిషనర్ పట్టించిన, తెల్లారి మల్ల కొంచెం. మూడో రోజుకు చేత్తో వంచితే వంగింది. గీతలు మాత్రం పోలే.

సోల్‌ను మా గల్లీ చివర చెప్పులు కుట్టే పెద్దాయన కాడికి తీసుకపోయిన. ఆయన సందులకెల్లి టార్చ్ కొట్టి చూసి, లోపలి మట్టి ఆరెతో గీకి తీసిండు. చెంచాడు మట్టి వచ్చింది. సందుల మట్టి ఉంచి సొల్యూషన్ పెడితే వారం కూడ ఆగదన్నడు. రెండు దిక్కులా పూసి, పావుగంట ఆరనిచ్చి, అప్పుడు అంటిచ్చి రాత్రంతా బరువు పెట్టిండు.

గన్ సంగతి నాకింకా తేలలేదు. విశాఖ అన్న చెప్పినట్టు బారెడు దూరంల కొడితే ఏమైతదో చూడాల్నని ఉంది. ఈ సీజన్ ఎడమ బూటుకు గన్, కుడి బూటుకు అక్క చెప్పిన బ్రష్. ఆరబెట్టుడు మాత్రం రెంటికీ నీడల, ఒక్కటే ఫ్యాన్ ముందట.

టూస్ట్రోక్ అక్క:
కుడి బూటు సోల్ ఇప్పటికే ఊడి అతికింది. అది మళ్లీ ఊడితే బ్రష్ తప్పంటారు. ముందు ఎడమది కూడా పెద్దాయనకు చూపించు, సందులో మట్టి ఉందేమో. రెండూ సమానంగా ఉన్నాకే లెక్క మొదలుపెట్టు.

చెలకనేల:
కరెక్టే అక్కా. శనివారం తీసుకపోత.