ధ్యానంలో మనసు ఖాళీ అవ్వాలా?

ఏటిగట్టు: మా ఆఫీసులో పెట్టిన మైండ్‌ఫుల్‌నెస్ క్లాసులో "కళ్లు మూసుకుని మనసు ఖాళీ చేసుకోండి" అన్నారు. ఇరవై నిమిషాలు ప్రయత్నిస్తే టెన్షన్ ఇంకా పెరిగింది. బుద్ధుడు చెప్పింది ఇదేనా?

మౌని: ఇదే. బౌద్ధం నిలబడిందే శూన్యం మీద. మన నాగార్జునుడు చెప్పిందీ అదే. ఆలోచనలు ఆగితేనే ధ్యానం.

వెలిగొండ: నేను ఒప్పుకోనండి. మైండ్‌ఫుల్‌నెస్‌కు తొలి బౌద్ధ గ్రంథాల భాష పాళీలో మూల మాట 'సతి'. సంస్కృతంలో స్మృతి, అంటే జ్ఞాపకం. 1881లో ఇంగ్లండు పండితుడు రీస్ డేవిడ్స్ దాన్ని ఇంగ్లీషులో మైండ్‌ఫుల్‌నెస్ అన్నాడు. ఖాళీ అన్న అర్థం అందులో లేదు. మనకు దగ్గరి మాట 'ధ్యాస'. పొయ్యి మీద పాలు పెట్టి పక్కన వంకాయలు తరుగుతుంటాం. చేతులు కత్తిపీట దగ్గర, చెవి పాల దగ్గర. గిన్నెలో చప్పుడు మారగానే లేచి మంట తగ్గిస్తాం. నేను పాలు పొంగబెట్టిన రోజులన్నీ మనసు ఖాళీగా ఉన్న రోజులే.

బుద్ధుడి బోధల సంకలనం సంయుత్త నికాయంలో ఆయన పోలిక చూడండి. ఒకడి చేతిలో అంచుదాకా నూనె నిండిన గిన్నె. ఒకవైపు జనం, మరోవైపు ఆడిపాడే అందగత్తె, మధ్యలో వాడు నడవాలి. వెనక కత్తి దూసినవాడు, ఒక్క చుక్క ఒలికితే తల తీస్తాడు. ఆ గిన్నే శరీరం మీద నిలిపే సతి అన్నాడు.

నాగార్జునుడి శూన్యం వేరే సంగతి. ఏ వస్తువుకూ తనంతట తాను నిలిచే స్వభావం లేదని ఆయన వాదన. బుర్రలో ఆలోచన ఉండకూడదని కాదు.

మౌని: పోలిక బాగుంది. కానీ ఆలోచన మానడమే దారి అన్నవాళ్లూ బౌద్ధులేగా? 8వ శతాబ్దం చివర టిబెట్‌లోని సమ్యే మఠంలో జరిగిన వాదంలో చైనా భిక్షువు మొహెయెన్ నిలబడింది ఆ పక్షానే.

వెలిగొండ: నిజమే. ఆ వాదంలో ఆయనకు ఎదురు నిలిచిన భారతీయ బౌద్ధ పండితుడు కమలశీలుడు ఏమన్నాడంటే, ఊరికే మనసు పెట్టకపోవడమే జ్ఞానమైతే మూర్ఛపోయినవాడికీ అది రావాలిగా అని. కమలశీలుడు గెలిచాడని టిబెట్ గ్రంథాలు, మొహెయెన్ గెలిచాడని చైనా రాతలు చెబుతాయి. గెలుపు సంగతి వదిలేద్దాం, మూర్ఛ ప్రశ్నకు మీ జవాబు చెప్పండి.

మౌని: మూర్ఛలో తెలివి ఉండదు. ఆలోచనలు ఆగిన మౌనంలో ఉంటుంది.

వెలిగొండ: అయితే ఎరుక మిగిలింది కదా. నేను అంటున్నదీ అదే.

ఏటిగట్టు: రేపు ఊపిరి మీద ధ్యాస పెట్టి చూస్తాను. మధ్యలో తప్పిపోతే?

వెలిగొండ: తప్పిపోయానని గుర్తొస్తుంది చూడండి, అదే సతి. మళ్లీ ముక్కు దగ్గరికి రండి.