యూరాలజిస్టులకు సీఎంఈ: గంటలు లెక్కపెట్టాలా, ఆపరేషన్ల ఫలితాలు చూడాలా?

రాజమండ్రి యూరో

డాక్టర్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఐదేళ్లలో 30 క్రెడిట్ అవర్స్ సీఎంఈ (డాక్టరయ్యాక కూడా కొనసాగించాల్సిన వైద్య శిక్షణ) చూపించాలి. 2002 నాటి ఎథిక్స్ రెగ్యులేషన్స్‌లో ఉన్న లెక్క ఇది. 2023 ఆగస్టు 2న నేషనల్ మెడికల్ కమిషన్ కొత్త నిబంధనలు ప్రకటించి, అదే నెల 23న వాటిని పక్కన పెట్టేసింది. కాబట్టి పాత లెక్కే నడుస్తోంది. అంటే ఏడాదికి ఆరు గంటలు. ఒక్క ఆదివారం కాన్ఫరెన్స్‌కి వెళ్తే ఏడాది కోటా దాదాపు అయిపోతుంది.

నా వాదన ఇది. హాల్లో కూర్చున్నందుకు ఇచ్చే క్రెడిట్ తగ్గించి, ఆ 30లో సగమైనా సొంత కేసుల ఆడిట్‌కి కేటాయించాలి. చేసిన పీసీఎన్‌ఎల్‌లలో (వీపు నుంచి చిన్న రంధ్రం చేసి కిడ్నీ రాయి తీసే ఆపరేషన్) ఎంతమందికి రక్తం ఎక్కించాల్సి వచ్చింది, ఎంతమందికి ఆపరేషన్ తర్వాత చలిజ్వరం వచ్చింది, ఎంతమందికి రాయి పూర్తిగా పోయింది, పెట్టిన డీజే స్టెంట్లలో (కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా కొన్నాళ్లు ఉంచే గొట్టం) ఎన్ని టైముకి తీశాం. ఈ నాలుగు లెక్కలు రాసుకుని, చుట్టుపక్కల ఊళ్ల యూరాలజిస్టులు నలుగురైదుగురు కలిసి కూర్చుని దాపరికం లేకుండా మాట్లాడుకుంటే దాన్ని మించిన సీఎంఈ లేదు.

లైవ్ సర్జరీ వర్క్‌షాప్‌లో చేయి తిరిగిన సర్జన్ హోలెప్ (లేజర్‌తో ప్రొస్టేట్ గడ్డ తీసే ఆపరేషన్) చేస్తుంటే చూడటం బాగానే ఉంటుంది. కానీ హోలెప్ చేతికి రావాలంటే 50 కేసుల దాకా పడుతుందని సీనియర్లే చెబుతారు. ఆదివారం చూసొస్తే సోమవారం నా ఓటీలో (ఆపరేషన్ థియేటర్లో) ఏం మారుతుంది?

ఒప్పుకోనివాళ్లు కారణం కూడా రాయండి.

విశాఖ ప్రొఫెసర్

మీటింగులను అంత తేలిగ్గా తీసెయ్యకండి డాక్టరు గారూ. ప్రొస్టేట్ బయాప్సీ సంగతే చూడండి. పీఎస్‌ఏ (ప్రొస్టేట్ రక్తపరీక్ష) పెరిగితే నేరుగా సూదులు వెయ్యడం మనం నేర్చుకున్న పద్ధతి. 2017లో ప్రామిస్, 2018లో ప్రెసిషన్ అధ్యయనాలు వచ్చాక ముందు ఎంఆర్‌ఐ తీయించడం, అనుమానం ఉన్న చోట గురిపెట్టి బయాప్సీ చెయ్యడం మొదలైంది. మలద్వారం గుండా కాకుండా పెరినియం (వృషణాలకూ మలద్వారానికీ మధ్య చర్మం) గుండా చేస్తే ఇన్ఫెక్షన్ తక్కువన్న మాట కూడా మన జిల్లాల్లోని సర్జన్లకు ఎక్కువగా సీఎంఈల్లోనే చేరింది. యూరోపియన్ గైడ్‌లైన్స్ ఏటా కొత్తవి వస్తాయి, ఉచితంగానే దొరుకుతాయి. పొద్దున్నుంచి రాత్రి దాకా ఓపీ, ఓటీ చూసే మనిషి వాటిని కూర్చుని చదువుతాడా? ఎవరో ఒకరు చదివి, వడగట్టి చెప్పాలి.

ఇంకోటి. ఆడిట్ చేస్తే అన్నీ బాగైపోతాయన్న నమ్మకానికి ఆధారం ఎంత? చాలా అధ్యయనాలను కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ 2012 సమీక్షలో, ఆడిట్ చేసి ఫలితం డాక్టర్లకు చెప్పడం వల్ల వాళ్ల పనితీరులో వచ్చిన మెరుగుదల మధ్యస్థంగా 4.3 శాతం. మీటింగులు, వర్క్‌షాపుల మీద వాళ్లే 2021లో చేసిన సమీక్షలో అది దాదాపు 7 శాతం. మీరు తక్కువ చేసిన పద్ధతికే కాస్త ఎక్కువ వచ్చింది.

రాజమండ్రి యూరో

సర్, ఆ అంకెలు నిజమే. అయితే ఆ రెండు సమీక్షల్లో చూసిన అధ్యయనాలు వేరు, కొలిచిన పనులు వేరు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఏది గెలిచిందో తేల్చలేం. మీరు చెప్పిన 2012 సమీక్షలోనే ఇంకో మాట ఉంది. మొదట్లో పనితీరు బలహీనంగా ఉన్నచోట, ఫలితం చెప్పేది సీనియర్ గానీ తోటి డాక్టర్ గానీ అయినప్పుడు, ఒకసారి చెప్పి వదిలెయ్యకుండా మళ్లీ మళ్లీ చెప్పినప్పుడు, ఫలానా లక్ష్యం ఫలానా ప్లాన్ అని పెట్టుకున్నప్పుడు లాభం ఎక్కువ. నలుగురైదుగురు కూర్చోవాలని నేను అడుగుతున్నది అందుకే.

ఖమ్మం సోలో ప్రాక్టీస్

అన్నా, రాజమండ్రిలో మీకు కూర్చోడానికి నలుగురు దొరుకుతారేమో. నా దగ్గర ఓపీ రాసేది నేనే, సర్జరీ నేనే, రాత్రి రిటెన్షన్ కేసు (మూత్రం ఆగిపోయిన మనిషి) వస్తే కాథెటర్ వేసేదీ నేనే. డేటా ఎంట్రీకి మనిషిని ఎక్కణ్ణుంచి తేవాలి? రాయి పూర్తిగా పోయిందో లేదో గట్టిగా చెప్పాలంటే సీటీ తియ్యాలి. నొప్పి తగ్గిన కూలీ మనిషిని పిలిచి "మళ్లీ స్కాన్‌కి డబ్బు కట్టు" అంటే వస్తాడా? రానివాళ్లందరినీ లెక్కలోంచి తీసేస్తే అది ఆడిట్ అనిపించుకోదు.

అసలు టెన్షన్ వేరే ఉంది. నా కాంప్లికేషన్లు నా చేత్తోనే రాసి ఒక ఫైల్లో పెడితే, రేపు కన్స్యూమర్ కోర్టులో అదే నా మీదకు వస్తే? కార్పొరేట్ ఆసుపత్రికి లీగల్ టీమ్ ఉంటుంది. నాకెవరున్నారు? కష్టమైన స్టాగ్‌హార్న్ రాళ్లన్నీ (కిడ్నీ లోపల కొమ్ముల్లా పాకిన పెద్ద రాళ్లు) హైదరాబాద్ పంపేసి, చిన్న రాళ్లే చేసుకుంటే నా లెక్కలు అద్దంలా మెరుస్తాయి. పేషెంట్‌కి మాత్రం 200 కిలోమీటర్ల ప్రయాణం మిగులుతుంది.

మాంచెస్టర్ తెలుగు డాక్టర్

ఖమ్మం డాక్టరు గారి భయం ఉత్తది కాదు. నేను బ్రిటన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో యూరాలజీ చేస్తున్నాను. ఇక్కడ 2012 డిసెంబర్ నుంచి రీవాలిడేషన్ ఉంది. ఏటా అప్రైజల్ (పనితీరు సమీక్ష), ఐదేళ్లకోసారి లైసెన్స్ కొనసాగింపు నిర్ణయం. ఆ ఐదేళ్లలో పేషెంట్ల నుంచి, తోటి సిబ్బంది నుంచి ఒక్కసారైనా అభిప్రాయం సేకరించి చూపించాలి. 2013లో కిడ్నీ తీసేసే ఆపరేషన్ల ఫలితాలను సర్జన్ల వారీగా ఎవరైనా చూసేలా పెట్టారు. అప్పుడు ఇక్కడా ఇదే చర్చ నడిచింది: సర్జన్లు రిస్క్ ఉన్న కేసులు వదిలేస్తారేమో అని.

నా అభిప్రాయం ఏమిటంటే, నేర్చుకోవడానికి రాసే లెక్కా జనానికి చూపించే లెక్కా ఒకటి కాకూడదు. మొదటిది నాలుగు గోడల మధ్య ఉంటేనే డాక్టరు నిజం రాస్తాడు. ఇంకో విషయం, ఇక్కడ అప్రైజల్ కోసం వారంలో కొంత సమయం డ్యూటీలో భాగంగా ఇస్తారు. ఆ సమయం ఇవ్వకుండా రూల్ ఒక్కటే తీసుకెళ్లి ఇండియాలో పెడితే జరిగేది కాగితాలు నింపడమే.

కొత్త ఎం.సీహెచ్

సీనియర్లు తప్పుగా అనుకోకపోతే ఒక మాట. 2024 మార్చిలో వచ్చిన ఫార్మా మార్కెటింగ్ కోడ్ ప్రకారం, స్పీకర్లకు తప్ప మిగతా డాక్టర్లకు కంపెనీలు ప్రయాణ ఖర్చులు, హోటల్ పెట్టకూడదు. మంచిదే. కానీ డెలిగేట్ ఫీజు, రైలు, రూమ్ అన్నీ సొంతంగా పెట్టుకోవడం మాలాంటి వాళ్లకు భారం. పైగా హాలు బయట లేజర్ కంపెనీల స్టాళ్లు, లోపల అదే లేజర్ గురించి లెక్చర్. కొత్త మెషీన్ గురించి గంటలకొద్దీ విన్నాను. ఆపరేషన్‌కి ముందు యూరిన్ కల్చర్ పాజిటివ్ వస్తే ఎన్ని రోజులు ఆగాలి, ఆర్‌ఐఆర్‌ఎస్‌లో (మూత్రమార్గం గుండా స్కోప్ పంపి కిడ్నీ రాయి తీసే ఆపరేషన్) కిడ్నీ లోపలి ప్రెషర్ ఎలా తగ్గించుకోవాలి లాంటివి వినడం అరుదు. పేషెంట్ సెప్సిస్‌లోకి (ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదకు రావడం) వెళ్లేది అక్కడే కదా.

విశాఖ ప్రొఫెసర్

బాబూ, నీ మాట న్యాయమైనదే. ప్రోగ్రామ్ వేసేటప్పుడు మేం ఆలోచించాల్సిన విషయం. కానీ అది చెడ్డ ప్రోగ్రామ్ మీద ఫిర్యాదు. ప్రోగ్రామే వద్దనడానికి అది చాలదు.

థియేటర్ సిస్టర్, గుంటూరు

డాక్టర్ల మధ్యలో మాట్లాడుతున్నాను, ఏమీ అనుకోవద్దు. మా నర్సులకు రెన్యువల్‌కి ఐదేళ్లలో 150 గంటలు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టింది. మీకు 30, మాకు 150. అన్ని గంటల్లోనూ యూరాలజీ వార్డుకి పనికొచ్చేది వెతుక్కోవాలి. కాథెటర్ బ్యాగు మంచం కంటే కిందే ఉండాలి, నేలకు తగలకూడదు, అవసరం తీరిన రోజే కాథెటర్ తీసెయ్యాలి. ఇవన్నీ చేసేది మేమూ వార్డ్‌బాయ్‌లూ. యూరాలజీ సీఎంఈలకు మమ్మల్ని పిలిచేది తక్కువ. టర్ప్ (మూత్రమార్గం గుండా ప్రొస్టేట్ గీకి తీసే ఆపరేషన్) తర్వాత బ్లాడర్ వాష్ ఆగిపోయి గడ్డలు కడితే రాత్రి రెండింటికి మొదట చూసేది మేమే కదా సార్. మీరు ఆడిట్ పెడితే మమ్మల్ని కూడా కూర్చోబెట్టండి.

ఒక పేషెంట్ కొడుకు

నేను డాక్టర్ని కాదు. మా నాన్నకు కిడ్నీలో రాయి తీసి స్టెంట్ పెట్టారు. లోపల గొట్టం ఉందని, ఫలానా రోజుకు తీయించుకోవాలని మాకు అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు. డిశ్చార్జ్ కాగితంలో ఇంగ్లిష్‌లో ఒక ముక్క ఉందట. ఏడాది దాటాక మూత్రంలో రక్తం పడితే, వేరే ఊళ్లో ఎక్స్‌రే తీసి చెప్పారు. గొట్టం నిండా రాయి పేరుకుపోయింది. దాన్ని తియ్యడానికి మొదటి ఆపరేషన్ కంటే పెద్దవి అవసరమయ్యాయి. గంటలా ఆడిటా అన్నది మీరు తేల్చుకోండి. మా నాన్నలాంటి వాళ్ల పేరు మీ దగ్గర ఒక పుస్తకంలో ఉందా లేదా? నాకు కావాల్సింది అదొక్కటే.

రాజమండ్రి యూరో

బాబూ, మీ నాన్నగారికి జరిగింది ఎవరికీ జరగకూడదు. మామూలు స్టెంట్ కొన్ని వారాల్లో, మహా అయితే మూడు నెలల్లో బయటికి రావాలి, లేదా మార్చాలి. ఇది తెలియని యూరాలజిస్ట్ ఉండడు. కాబట్టి ఇంకో లెక్చర్ వింటే తీరే సమస్య కాదు ఇది. ఎవరికి పెట్టామో, ఎవరికి ఇంకా తియ్యలేదో వెతికి చూసే పని ఇది. అందుకే క్రెడిట్ ఆ పనికి ఇవ్వమంటున్నాను.

ఖమ్మం తమ్ముడూ, కష్టమైన కేసుల గురించి నువ్వన్నదానికి ఒక దారి ఉంది. పీసీఎన్‌ఎల్‌కి 2011 నుంచి రాయి ఎంత కష్టమైనదో చెప్పే గైస్ స్టోన్ స్కోర్ ఉంది, ఒకటి నుంచి నాలుగు గ్రేడ్లు. పూర్తి స్టాగ్‌హార్న్ నాలుగో గ్రేడ్. నీ నాలుగో గ్రేడ్ కేసుని ఇంకొకరి మొదటి గ్రేడ్‌తో పోల్చకూడదు, అంతే. సీటీ సంగతి కూడా ఒప్పుకుంటున్నాను. అందుకని మొదట స్టోన్ ఫ్రీ లెక్క (రాయి పూర్తిగా పోయిందా అన్నది) వదిలేద్దాం. రక్తం, జ్వరం, స్టెంట్, ఈ మూడింటికీ స్కాన్ అక్కర్లేదు. కోర్టు భయానికి మాత్రం మనంతట మనం చేసేది తక్కువ. మాంచెస్టర్ డాక్టరు గారు చెప్పినట్టు, నేర్చుకోవడానికి రాసుకున్న కాగితానికి రక్షణ ఇవ్వాలని కౌన్సిల్‌ని అడగాల్సిందే. అది లేకుండా తప్పనిసరి చెయ్యమని నేను అడగను.

ఖమ్మం సోలో ప్రాక్టీస్

తప్పనిసరి కాకపోతే నాకు అభ్యంతరం లేదన్నా. ఆడిట్ చేసినవాడికి క్రెడిట్, చెయ్యనివాడు మామూలుగా కాన్ఫరెన్స్‌కే పోతాడు. స్టెంట్ పుస్తకం అయితే రేపే మొదలుపెట్టగలను. దానికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు.

విశాఖ ప్రొఫెసర్

నేను ఇంకా పూర్తిగా మీ వైపు రాలేదు. క్రెడిట్ కోసం ఆడిట్ అంటే దొంగ లెక్కలు రాసేవాళ్లూ తయారవుతారు. హాజరు సంతకం పెట్టి షాపింగ్‌కి వెళ్లినంత సులభంగానే. ఎవరు సరిచూస్తారు? అయితే మా డిపార్ట్‌మెంట్ మోర్టాలిటీ మీటింగ్‌కి (చనిపోయినవాళ్ల కేసులు చర్చించే సమావేశానికి) చుట్టుపక్కల ప్రాక్టీషనర్లను, సిస్టర్లను పిలవడానికి అభ్యంతరం లేదు. మాట్లాడి చూస్తాను. సిస్టర్, స్టెంట్ రిజిస్టర్‌లో ఏం రాయాలో మీరు ఇక్కడ పెట్టగలరా?

థియేటర్ సిస్టర్, గుంటూరు

పెడతాను సార్. పేరు, ఊరు, రెండు ఫోన్ నంబర్లు (రెండోది ఇంట్లో వేరేవాళ్లది), కుడా ఎడమా, పెట్టిన తేదీ, తియ్యాల్సిన తేదీ, తీసిన తేదీ, తీసినవాళ్ల సంతకం. ప్రతి సోమవారం ఆ వారం తియ్యాల్సినవాళ్లకు ఫోన్ చెయ్యాలి. ఎత్తకపోతే రెండో నంబర్, అదీ కలవకపోతే ఆ ఊరి ఆశా వర్కర్. డిశ్చార్జ్ రోజున తియ్యాల్సిన తేదీ తెలుగులో రాసిన కార్డు చేతికివ్వాలి. రెండు వైపులా స్టెంట్ పెడితే రెండు వరుసలు రాయండి. ఒకే వరుసలో రాస్తే ఒకటి తీసి టిక్ పెట్టేస్తారు, రెండోది లోపలే ఉండిపోతుంది.