తొక్కగానే స్టాక్ వోల్టేజీ పడిపోతోంది, ఎందుకు?

వెల్డర్_ట్రైనీ:
ఆరుగురు ట్రైనీలం కలిసి, కోర్సు చివరి ప్రాజెక్టుగా హైడ్రోజన్ కారు కడుతున్నాం. ఇద్దరు కూర్చోవచ్చు. ఫ్రేము వెల్డింగ్ నాది. కరెంటు విషయంలో నా జ్ఞానం అంతంతమాత్రమే, తిట్టకుండా చెప్పండి. 48 సెల్స్ పెమ్ స్టాక్, అంటే హైడ్రోజన్ నుంచి కరెంటు తీసే ఫ్యూయల్ సెల్స్ వరస. లోడ్ లేకపోతే 46 వోల్టులు. మెల్లగా పోనిస్తే 31 దగ్గర నిలబడుతుంది. కాస్త తొక్కామా, 22కి జారి కంట్రోలర్ కట్ అయిపోతోంది. రెండు నిమిషాలు ఆగితే మళ్లీ మామూలే. సిలిండర్ నిండుగానే ఉంది. స్టాక్ పోయినట్టేనా?

పాతకాపు:
పోలేదు, కంగారు పడకు. 22ని 48తో భాగిస్తే సెల్‌కి 0.46. లోడ్ మీద 0.6 పైన ఉండాలి. కానీ సగటు చూసి లాభం లేదు, ఐదారు సెల్సే మొత్తాన్ని కిందికి లాగుతుండొచ్చు. ఒక్కోటీ విడిగా కొలువు. ఏదైనా మైనస్‌లోకి పోతే వెంటనే ఆపెయ్, లోపలి కార్బన్ తినుకుపోతుంది, ఆ సెల్ ఇక బాగుపడదు. తర్వాత చేత్తో పర్జ్ కొట్టి చూడు, అంటే వాల్వ్ క్షణం తెరిచి లోపలున్నది బయటికి ఊదెయ్. వోల్టేజీ టక్కున లేచిందంటే యానోడ్ వైపు, అంటే హైడ్రోజన్ వచ్చే వైపు, నీళ్లో, నైట్రోజనో చేరినట్టు.

ఇద్దరికే చోటని చిన్నబుచ్చుకోకు. 1966లో జనరల్ మోటార్స్ కట్టిన హైడ్రోజన్ వ్యాన్, ఎలక్ట్రోవ్యాన్, వెనకంతా ట్యాంకులూ పైపులే, దాంట్లోనూ కూర్చోగలిగింది ఇద్దరే!

నీలిమంట:
స్టాక్‌కి గాలి పంపే బ్లోయర్ కూడా చూడండి. మోటారు కరెంటు క్షణంలో అడుగుతుంది, గాలి రావాలంటే బ్లోయర్ స్పీడు అందుకోవాలిగా. ఆ కాసేపటికి, కరెంటు దాచుకుని చటుక్కున ఇచ్చే సూపర్ కెపాసిటర్లు పెడితే ఆదుకుంటాయి. పర్జ్ గొట్టం మాత్రం కారు బయటికే తీయండి. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే చాలు, అంటుకుంటుంది.

వెల్డర్_ట్రైనీ:
కొలిచాం. 43వ సెల్ నుంచి 48వది దాకా ఆరూ చచ్చుగా ఉన్నాయి, 47 అయితే సున్నాకి దిగింది. పర్జ్ కొట్టగానే అన్నీ లేచాయి, పది సెకన్లకు మళ్లీ కిందికి.

తప్పు నాదే. హైడ్రోజన్ పైకి పోతుంది కదా అని పర్జ్ గొట్టాన్ని వాల్వ్ నుంచి సీటు వెనకగా పైకి వంచింది నేనే. నీళ్లు పైకెలా ఎక్కుతాయి? టార్చి వేసి చూస్తే, ఆ తెల్ల గొట్టం వంపులో వేలెడు నీళ్లు. వాల్వ్ తెరిచినప్పుడల్లా కాస్త పైకి ఎగిరి, మళ్లీ వెనక్కి జారుతున్నాయి.

వంపు తీసేసి, కింద నీళ్లు పట్టే చిన్న డబ్బా పెట్టి, గ్యాస్ గొట్టం దాని మూత నుంచి బయటికి తీశాం. ఇప్పుడు తొక్కినా 28 తగ్గట్లేదు. 47 మాత్రం ఇంకా 0.5 దగ్గరే మూలుగుతోంది. రేపు బ్లోయర్ సంగతి చూస్తాం.