మన ఫైలుకీ, పైథాన్ లైబ్రరీకీ ఒకే పేరు పడితే: మీ అనుభవం చెప్పండి

పలాస_జీడి:
జీడిపప్పు కొనేవాళ్లకి బిల్లులు మెయిల్‌లో పంపడానికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. మెయిల్ పంపే ఫైలుకి ఈమెయిల్.పీవై అని పేరు పెట్టాను. నడిపితే, మెయిల్ పంపే ఎస్‌ఎమ్‌టీపీలిబ్ అనే మాడ్యూల్‌ని (పైథాన్‌తో పాటే వచ్చే లైబ్రరీలోని రెడీమేడ్ కోడ్ ఫైలు) ఇంపోర్ట్ చేసే, అంటే మన ప్రోగ్రాంలోకి తెచ్చుకునే లైను దగ్గర ఆగిపోతోంది. ‘ఈమెయిల్.యుటిల్స్ అనే మాడ్యూల్ లేదు, ఈమెయిల్ ప్యాకేజీ కాదు’ అంటోంది. యుటిల్స్ అన్న మాట నేనెక్కడా రాయలేదు! పైథాన్ తీసేసి మళ్లీ వేశాను. అయినా అంతే. రెండు రాత్రులుగా ఒకటే టెన్షన్.

విజయనగరం_బీటెక్:
అన్నా, నాకూ ఇలాగే అయ్యింది. నేను పాచికల ఆట రాసి రాండమ్.పీవై అని సేవ్ చేశాను. లైబ్రరీలోని రాండమ్‌లో ఉండే, ఏదో ఒక అంకె ఇచ్చే ‘రాండ్‌ఇంట్ లేదు’ అని ఎర్రర్. ఫైలు పేరు మార్చగానే పోయింది. పైథాన్ 3.13లో అయితే మీ ఫైలుకి లైబ్రరీ పేరే ఉంది, మార్చుకోండి అని ఎర్రర్‌లోనే చెబుతోంది.

బొబ్బిలి_మాస్టారు:
తమ్ముడూ, ఎందుకలా అవుతుందో తెలిస్తే మళ్లీ చిక్కుకోవు. పెళ్లిపందిట్లో ‘అప్పలనాయుడూ’ అని కేకేస్తే దగ్గరున్నవాడు పలుకుతాడు. మన జిల్లాల్లో ఆ పేరుకి కరువా! పైథాన్ కూడా అంతే. పేరు చెప్పగానే సిస్.పాత్ అనే జాబితాలో వరుసగా వెతుకుతుంది. అందులో మొదటిది నువ్వు నడుపుతున్న ఫైలు ఉన్న ఫోల్డర్. లైబ్రరీ ఆ తర్వాతే. ఎస్‌ఎమ్‌టీపీలిబ్ తన పని కోసం ఈమెయిల్‌ని పిలిచింది, నీ ఫైలు పలికింది.

అందుకే మనం ఇంటిపేరు పెట్టి పిలుస్తాం. ప్యాకేజీ అంటే ఆ ఇంటిపేరే. జీడి అని ఫోల్డర్ పెట్టి, అందులో ఖాళీ ఇనిట్ ఫైలు (__init__.py) ఒకటి వేసి, నీ ఫైళ్లన్నీ అందులోకి మార్చు. అప్పుడు నీది జీడి.ఈమెయిల్, లైబ్రరీది ఉత్త ఈమెయిల్.

లైబ్రరీవాళ్లూ ఇదే పని చేశారు. పైథాన్ 2లో వెబ్ అడ్రసుల పనికి యూఆర్ఎల్‌లిబ్, యూఆర్ఎల్‌లిబ్2, యూఆర్ఎల్‌పార్స్ అని మూడు మాడ్యూల్స్, దేని దారి దానిది. ఏది దేనికో పిల్లలకి చెప్పలేక నా గొంతు పోయేది. 2008లో వచ్చిన పైథాన్ 3.0లో వాటిని యూఆర్ఎల్‌లిబ్ అనే ఒకే ఇంటిపేరు కిందకి తెచ్చి రిక్వెస్ట్, పార్స్, ఎర్రర్ అని గదులు కట్టారు. చదవగానే అర్థమవుతుంది.

పలాస_జీడి:
మాస్టారూ, ఫోల్డర్‌లో పెట్టి లోపలి మెయిన్ ఫైలు బిల్.పీవై నడిపాను. మళ్లీ అదే ఎర్రర్!

బొబ్బిలి_మాస్టారు:
లోపలి ఫైలుని నేరుగా నడిపితే జీడి ఫోల్డరే జాబితాలో మొదటికి వచ్చేస్తుంది. ఇంటిపేరు పోయినట్టే. ఒక మెట్టు బయటికి వచ్చి ‘పైథాన్ -ఎమ్ జీడి.బిల్’ అని నడుపు. బిల్ లోపల ‘ఫ్రమ్ జీడి ఇంపోర్ట్ ఈమెయిల్’ అని రాయి.

టెక్కలి_ఆఫీసు:
నాది వేరే బాధ. మా పాత ఫారం ప్రోగ్రాం, వెబ్ ఫారంలో నింపినవి చదివే సీజీఐ మాడ్యూల్ మీద నడిచేది. 3.13 వేయగానే ఆగిపోయింది. ఆ వెర్షన్‌లో సీజీఐ, టెల్‌నెట్‌లిబ్ లాంటివి 19 తీసేశారు. వాడకం తగ్గినవాటిని మోయలేమన్నది న్యాయమే. కానీ 3.11 నుంచే అవి పోతాయని హెచ్చరిక వస్తుంటే నేను చూడకపోవడం వల్ల ఒక పనిరోజు పోయింది. మీరెవరూ అలా వదిలేయకండి.

విజయనగరం_బీటెక్:
కొత్త ఫైలుకి పేరు పెట్టేముందు నేను లైబ్రరీ మాడ్యూల్స్ పేర్ల జాబితా అయిన సిస్.స్టడ్‌లిబ్_మాడ్యూల్_నేమ్స్‌లో ఆ పేరుందో లేదో చూస్తున్నాను. 3.10 నుంచీ ఉంది.

పలాస_జీడి:
మాస్టారు చెప్పినట్టే బయటినుంచి నడిపాను. పొద్దున్నే 11 బిల్లులూ వెళ్లాయండి. చాలా థ్యాంక్స్.