అమెరికా అధ్యక్ష పదవికైనా, మన పంచాయతీకైనా అడ్డు ఏది: జాతా, ఆడపుట్టుకా?

గుణుపురం అక్క:
2024 నవంబరులో కమలా హారిస్ ఓడిపోయిన రోజు మొదలైన వాదన మా ఇంట్లో ఇంకా తెగలేదు. మా అబ్బాయి బరంపురంలో చదువుతున్నాడు. వాడనేది ఇది: ఒబామా 2008లో 365 ఎలక్టోరల్ ఓట్లతో (రాష్ట్రాలవారీగా లెక్కించే, అధ్యక్షుడిని తేల్చే ఓట్లు) గెలిచాడు, 2012లో మళ్లీ గెలిచాడు, కాబట్టి రంగు అడ్డు తొలగిపోయింది. పెద్ద పార్టీ తరఫున 2016లో హిల్లరీ, 2024లో కమల నిలబడి ఇద్దరూ ఓడారు, కాబట్టి అసలు అడ్డు ఆడపుట్టుకే. మొదట్లో నేనూ అదే అన్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేకపోతున్నాను. ఎందుకో చెబుతాను.

2022లో ఇక్కడ ఒడిశాలో మా పంచాయతీ సర్పంచ్ సీటు ఆడవాళ్లకు రిజర్వు అయింది. ఊరి పెద్దలు నలుగురు మా అరుగు మీద కూర్చుని మా వారితో మాట్లాడారు. "మీ ఆవిడ చేత నామినేషన్ వేయిద్దాం, పనులు మీరు చూసుకుందురు" అన్నారు. నేను టీ గ్లాసులు పట్టుకుని అక్కడే ఉన్నాను. పదకొండేళ్లుగా మా మహిళా సంఘం లెక్కలు రాస్తున్నది నేను, బ్యాంకుకు వెళ్లి లోను మాట్లాడేది నేను. నన్ను ఒక్క మాట అడగలేదు. అంతలో ఒకాయనకు గుర్తొచ్చింది, సర్పంచ్‌గా నిలబడాలంటే ఒడియా చదవడం, రాయడం రావాలని. నేను ఒడియా మాట్లాడతాను, కూడబలుక్కుని చదువుతాను, రాయడం రాదు. మా లెక్కల పుస్తకం తెలుగులోనే ఉంటుంది. సరేనని లేచి మరో ఇంటి అరుగు మీదకు వెళ్లారు. అక్కడా ఆవిడ భర్తతోనే మాట్లాడారు.

నన్ను ఆపింది ఆడదాన్నవడమా, తెలుగుదాన్నవడమా అంటే విడదీసి చెప్పలేను. మీరంతా ఏమంటారు?

పర్లాకిమిడి మాష్టారు:
అమ్మా, మీ అబ్బాయి మాట నేను ఒప్పుకోను. మీకు ఎదురైన ఆ చదువు షరతునే తీసుకోండి. అమెరికాలో 1870లోనే 15వ సవరణతో నల్లజాతి మగవాళ్లకు ఓటు హక్కు రాశారు. కానీ దక్షిణాది రాష్ట్రాలు చదువు పరీక్షలు పెట్టి, ఓటు పన్ను వేసి దాన్ని కాగితం మీదే ఉంచేశాయి. 1965లో ఓటు హక్కుల చట్టం వచ్చేదాకా అక్కడ చాలామంది నల్లవాళ్లు పోలింగ్ బూత్ దాకా కూడా పోలేకపోయారు. ఆడవాళ్లకు 1920లో 19వ సవరణ వచ్చింది. దాని ఫలితం కూడా ఎక్కువగా తెల్ల స్త్రీలకే అందింది.

1982లో కాలిఫోర్నియా గవర్నర్ ఎన్నిక చూడండి. లాస్ ఏంజిలిస్ మేయర్ టామ్ బ్రాడ్లీ నల్లజాతివాడు. సర్వేలు ఆయనే ముందున్నాడని చెప్పాయి, లక్ష లోపు ఓట్లతో ఓడిపోయాడు. ఓటర్లు సర్వేలో ఒకటి చెప్పి బూత్‌లో ఇంకొకటి చేశారేమోనని అప్పటినుంచి అనుమానం. ఆ అనుమానానికి ఆయన పేరే పెట్టారు. హిల్లరీకి మాత్రం 2016లో ట్రంప్ కంటే దాదాపు 29 లక్షల ఓట్లు ఎక్కువ వచ్చాయి. ఆమెను ఓడించింది రాష్ట్రాలవారీగా ఎలక్టోరల్ ఓట్లు లెక్కించే పద్ధతి.

బరంపురం కుర్రాడు:
మాష్టారూ, అక్క వాళ్ల అబ్బాయిని నేను కాదు గానీ నా మాటా అదే: ఎక్కువ ఓట్లు వచ్చినా కుర్చీ రాలేదు కదండీ. రెండు అడ్డులూ మోసిన మనిషి మాటే వినండి. షిర్లీ చిషోమ్ 1968లో అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన మొదటి నల్లజాతి మహిళ. 1972లో అధ్యక్ష పదవికి డెమోక్రాటిక్ పార్టీ టికెట్ కోసం నిలబడింది. నల్లదాన్నవడం కంటే ఆడదాన్నవడం వల్లే తనకు ఎక్కువ వివక్ష ఎదురైందని ఆమే చెప్పింది. నల్లజాతి నాయకుల్లో చాలామంది మగవాళ్లు ఆమె వెనక నిలబడలేదు.

అదే 1972 జూన్‌లో మన ఒడిశాలో నందినీ శతపథి ముఖ్యమంత్రి అయ్యారు. అర్ధ శతాబ్దం దాటింది, రెండో మహిళ రాలేదు. ఆదివాసీ ముఖ్యమంత్రులు మాత్రం ముగ్గురు: హేమానంద బిశ్వాల్, మన గుణుపురం వైపు గిరిధర్ గమాంగ్, 2024 నుంచి మోహన్ మాఝీ. ఏ అడ్డు గట్టిదో ఈ లెక్కే చెబుతోంది.

జయపురం:
ఇద్దరికి మించి పిల్లలున్నా పంచాయతీకి నిలబడటానికి లేదు. 2022లోనూ అంతే. ఎంతమంది పిల్లలను కనాలో చాలా ఇళ్లలో ఆవిడ చేతిలో ఉండదు. నామినేషన్ పోయేది మాత్రం ఆవిడది కూడా.

రాయగడ చెల్లెలు:
తమ్ముడూ, ఆ ముగ్గురినీ ఎప్పుడు కూర్చోబెట్టారో కూడా చూడాలి. బిశ్వాల్ మొదటిసారి 1989 డిసెంబరు నుంచి 1990 మార్చి దాకా, రెండోసారి 1999 డిసెంబరు నుంచి 2000 మార్చి దాకా. రెండుసార్లూ మూడేసి నెలలు, ఎన్నికల ముంగిట. గమాంగ్ 1999లో పది నెలలు కూడా లేరు. ఎన్నికల్లో పార్టీ గెలిచాక ముఖ్యమంత్రి అయిన ఆదివాసీ ఈ ముగ్గురిలో మాఝీ ఒక్కరే. ఆదివాసీని ఓడిపోయే వేళ ముందుకు నెట్టడం కూడా వివక్షే. నేను సవర పల్లెల్లో పనిచేస్తాను, "మా వాడు సీఎం అయ్యాడు" అని చెప్పుకుని, ఆ పది నెలలు తలచుకుని బాధపడే పెద్దవాళ్లను చూశాను.

కమలకు జరిగింది దీనికి దగ్గరగా ఉంది. 2024 జూలై 21న బైడెన్ పోటీ నుంచి తప్పుకున్నారు, ఎన్నిక నవంబరు 5న. ఆమె చేతికి వచ్చింది 107 రోజులు. గెలిచే బండి ఎక్కించాక ఓడిపోయిందంటే ఆ మాట వేరు. ఇంకో సంగతి మనసులో ఉండిపోయింది. ఆ రోజుల్లో మా తెలుగు గ్రూపుల్లో అందరూ ఉషా చిలుకూరి గురించే, మన గోదావరి జిల్లా మూలాలున్న అమ్మాయి అని. సంతోషించాల్సిందే. కానీ ఉపాధ్యక్షుడి భార్య స్థానంలో ఉన్న స్త్రీ మీద చూపించినంత ప్రేమ, స్వయంగా ఓటు అడిగిన స్త్రీ మీద చూపించలేకపోయాం.

గెలిచే సీటు ఇస్తే ఏమవుతుందో మన పక్కనే ఉంది. 2019లో బిజూ జనతాదళ్ (బీజేడీ) పార్టీ ఒడిశాలోని 21 లోక్‌సభ సీట్లలో 7 ఆడవాళ్లకు ఇచ్చింది, అయిదుగురు గెలిచారు. అస్కాలో ప్రమీలా బిసోయి స్వయం సహాయక సంఘం నుంచి వచ్చిన మనిషి, రెండు లక్షలకు పైగా మెజారిటీ. గుణుపురం అక్కా, ఆమె కూడా మీలాగే సంఘంలో పనిచేసినావిడే.

బరంపురం కుర్రాడు:
ఆ నెలల లెక్క నేను చూడలేదు. ముగ్గురని గట్టిగా అనడం నా పొరపాటు. చిషోమ్ మాట మీద మాత్రం నిలబడతాను.

పర్లాకిమిడి మాష్టారు:
నేనూ 1965 దగ్గరే నిలబడతాను. అయితే చెల్లెమ్మ చెప్పింది విన్నాక ఒకటి ఒప్పుకోవాలి. ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో పార్టీ గదిలో తేల్చేవాళ్లు వేరే ఉన్నారు, ఓటరు దాకా రాకముందే సగం కథ అయిపోతోంది. గుణుపురం అమ్మగారి అరుగు మీద జరిగింది కూడా అదే.

గుణుపురం అక్క:
అందరికీ దండాలు. మా అబ్బాయికి చదివి వినిపించాను. గమాంగ్ సంగతికి మౌనంగా ఉండిపోయాడు.

గడువు ప్రకారం మళ్లీ ఎన్నికలు 2027లో. సీటు ఈసారి రిజర్వు కాకపోయినా నామినేషన్ వేస్తానని మా వారికి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "ముందు ఒడియా రాయడం నేర్చుకో" అన్నారు. పోయిన నెల నుంచి మా పక్కింటి అమ్మాయి దగ్గర కూర్చుంటున్నాను. అక్షరాలు వచ్చేశాయి, గుణింతాలు కూడా. ఒత్తుల దగ్గర ఆగిపోయాను. మన తెలుగు ఒత్తుల్లా కాదు, రెండు అక్షరాలు కలిసి కొత్త ఆకారం అయిపోతున్నాయి. మాష్టారూ, మీరు పిల్లలకు నేర్పేటప్పుడు వాటిని ఏ వరసలో చెబుతారు?