పావు వంతు శిస్తు తగ్గింపు పదమూడేళ్లు ఆగింది: తప్పు మద్రాసుదా, లండన్‌దా?

పత్తికొండ సభ్యుడు:
1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేసిన దత్తమండలాలకు (మన రాయలసీమ, బళ్లారి ప్రాంతాలకు) ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో, 1807లో సెలవు తీసుకునే ముందు, భూమిశిస్తును పావు వంతు తగ్గించాలని మద్రాసుకు రాశారు. అది అమలైంది ఆయన గవర్నరుగా తిరిగి వచ్చాక, 1820లో. లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు చివరకు, ఒక్కొక్క రైతుతో నేరుగా శిస్తు కుదుర్చుకునే రైత్వారీనే బలపరిచారు కనుక, ఊళ్ల శిస్తు వసూలును గుత్తకిచ్చిన మద్రాసు రెవెన్యూ బోర్డుదే తప్పని నా వాదన.

అనంతపురం సభ్యుడు:
గుత్తల విషయంలో మీతో ఏకీభవిస్తాను. మొదట మూడేళ్లకు, ఆ తర్వాత పదేళ్లకు ఊరికి ఊరే గుత్తకిచ్చారు. గుత్తదారులలో చాలామంది చితికిపోయారు. అయితే రైత్వారీని ఒప్పుకోవడం వేరు, రాబడి వదులుకోవడం వేరు. ఖజానా ఇబ్బందిలో ఉందని చెప్పి మద్రాసు తగ్గింపును కాదన్నది. ఆ ఖజానా యుద్ధాల ఖర్చునూ మోయాలి, లండన్‌లో వాటాదారులకు పంచే లాభానికీ అక్కరకు రావాలి. అలాంటప్పుడు నిరాకరణ మద్రాసు కాగితం మీద ఉన్నా, దాని మూలం అక్కడితో ఆగదు.

మన్రో అడిగినదేమిటో ఒకసారి చూడండి. అప్పటి శిస్తు పంటలో నూటికి 45 వంతుల దాకా ఉందని, దానిని మూడో వంతుకు దించాలని ఆయన లెక్క. బావి కింద సాగయ్యే తోట భూములకు, మరమ్మతు రైతే చేసుకుంటే, పావు వంతుకు తోడు ఇంకో 8 శాతం తగ్గించమన్నారు. మా చేనిలో ఎద్దులతో నీళ్లు తోడే పాత కపిల బావి ఒకటుంది. మోకు ఒరుసుకుని దాని ఒడ్డు రాయి మీద వేలు దూరేంత గాడి పడింది. ఎద్దులు, తోలుబాన, మోకు, పూడిక తీత అన్నీ రైతు చేతి ఖర్చే. ఆ నీటి మీద కూడా సర్కారు పూర్తి శిస్తు లాగుతోందని మన్రోకు తెలుసు, ఎందుకంటే ఆయన ఊరూరా గుడారం వేసి జమాబందీ (శిస్తు లెక్క తేల్చడం) చేశారు. కాదన్నవారు ఆ గాడిని చూసి ఉండరు.

కడప సభ్యుడు:
ఇద్దరూ మన్రో తప్పును పక్కన పెట్టారు. సర్వే చేయించి ఆ 45 వంతుల శిస్తు కట్టించింది ఆయన కాలంలోనే కదా?

అనంతపురం సభ్యుడు:
నిజమే, ఆ మాట దాటవేయకూడదు. తాను కట్టిన శిస్తు భారమని ఒప్పుకుని తగ్గించమనడం ఆయన గొప్పతనమే. కానీ ఆ పదమూడేళ్లూ పట్టాదారు చెల్లించిన వరహాలలో ఆయన వాటా బాధ్యత కూడా ఉంది. 1827 జులై 6న మీ పత్తికొండలోనే కలరాతో కన్నుమూసిన ఆ మనిషి మీద మన ఊళ్లలో ఉన్న ప్రేమ నాకూ ఉంది, అయినా ఈ లెక్కలో ఆయన పేరు తీసేయలేను.