‘రాష్ట్రాల హక్కుల కోసం యుద్ధం’: ఈ మాట తెలుగులో ఎలా రాయాలి?

డాలస్ నుంచి:
గ్రూపు పెద్దలకి నమస్కారం. మా అబ్బాయికి స్కూల్లో అమెరికా అంతర్యుద్ధం (అక్కడి ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగింది) పాఠం జరుగుతోంది. ఆ యుద్ధం ఎందుకొచ్చిందో ఊళ్లో ఉన్న మా నాన్నగారికి తెలుగులో రెండు పేరాలు రాసి పంపాను. ఇక్కడ చాలామంది నోట వినపడే ‘స్టేట్స్ రైట్స్’ని ‘రాష్ట్రాల హక్కులు’ అని రాశాను. ఆయన ఫోన్ చేసి, “అయితే దక్షిణాది వాళ్లదే న్యాయం కదరా, మన రామారావు అడిగిందీ అదేగా!” అన్నారు. ఈ మాటకి వేరే తెలుగు ఏదైనా ఉందా?

తెనాలి నుంచి:
హక్కు మనిషికి ఉంటుంది. ప్రభుత్వానికి ఉండేది అధికారం. ‘రాష్ట్రాధికారాలు’ అని రాయండి, గొడవ తీరిపోతుంది.

విశాఖ నుంచి:
తీరదు మేష్టారూ. అధికారాలు అని రాసినా వాళ్ల నాన్నగారు అదే అంటారు. మనకి ఆ మాట వెనక వేరే కథ ఉంది. కేంద్ర-రాష్ట్ర సంబంధాల మీద 1983లో వేసిన సర్కారియా కమిషను, ‘కేంద్రం మిథ్య’ అన్న రామారావు గారి మాట, 1984 ఆగస్టులో గవర్నరు ఆయన ప్రభుత్వాన్ని తీసేస్తే జనం రోడ్డెక్కడం. ఇవన్నీ చూసిన తరానికి ‘రాష్ట్రాల హక్కులు’ అంటే ఢిల్లీ పెత్తనానికి ఎదురు నిలబడటం. ఆ మాటకి ఇక్కడ వచ్చిన మంచి పేరంతా 1860లో అందరికంటే ముందు అమెరికా నుంచి విడిపోయిన సౌత్ కరోలినా రాష్ట్రం ఖాతాలో పడిపోతోంది.

ఎవరైనా హక్కు అనగానే మనం ‘దేని మీద?’ అని అడుగుతాం. పొలం మీదా, ఇంటి మీదా, నీళ్ల మీదా? ‘రాష్ట్రాల హక్కుల కోసం యుద్ధం’ అన్న మాటలో ఆ ‘దేని మీద’ లేదు. దాన్ని మనం ఊహించక్కర్లేదు కూడా, విడిపోయినవాళ్లే కారణాలు రాసి అచ్చువేయించారు. సౌత్ కరోలినా 1860 డిసెంబరు 20న విడిపోయింది, నాలుగు రోజులకి కారణాల ప్రకటన విడుదల చేసింది. అది చదివితే తల తిరుగుతుంది. కేంద్రం మా మీద పెత్తనం చేస్తోందన్నది కాదు అందులోని పెద్ద ఫిర్యాదు. పారిపోయిన బానిసల్ని పట్టి అప్పగించాలన్న కేంద్ర చట్టాన్ని ఉత్తరాది రాష్ట్రాలు అమలు కానివ్వడం లేదట! అలాంటి రాష్ట్రాలు 13 అని పేర్లతో సహా రాశారు. అంటే వీళ్లకి కోపం తెప్పించింది పక్క రాష్ట్రాలు తమ హక్కు వాడుకోవడం.

అందులోనే న్యూయార్క్ మీద ఒక వాక్యం ఉంది. తమ రాష్ట్రం గుండా బానిసల్ని తీసుకెళ్లే హక్కుని కూడా అక్కడి కోర్టులు కాదన్నాయని. ఇది లెమన్ కేసు. 1852లో వర్జీనియా నుంచి లెమన్ దంపతులు టెక్సస్‌కి (మీ ఊరి వైపే!) కాపురం మారుస్తూ, ఓడ మారడానికి న్యూయార్క్‌లో దిగారు. వెంట ఎనిమిది మంది బానిసలు. లూయీ నెపోలియన్ అనే నల్లజాతి పౌరుడు కోర్టులో పిటిషన్ వేశాడు. మా రాష్ట్రంలో బానిసత్వం లేదు, మీ యజమాని ఓడ కోసం ఆగినా సరే మీరు స్వతంత్రులే అని జడ్జి ఎనిమిది మందినీ విడిచిపెట్టాడు. వర్జీనియా అప్పీలుకి వెళ్లింది. 1860లో న్యూయార్క్ పై కోర్టు కూడా అదే తీర్పు నిలబెట్టింది. తన గడ్డ మీద ఏ చట్టం ఉండాలో ఒక రాష్ట్రం తేల్చుకుంటే, ‘రాష్ట్రాల హక్కుల’ వాళ్లు దాన్ని నేరాల పట్టీలో చేర్చారు.

మిసిసిపీ ప్రకటనలో ఈపాటి డొంకతిరుగుడు కూడా లేదు. మా స్థితి బానిసత్వ వ్యవస్థతో పూర్తిగా పెనవేసుకుని ఉంది అని మొదట్లోనే చెప్పేసింది.

తెనాలి నుంచి:
అమ్మా, కాస్త ఆగు. పన్నుల గొడవ, సుంకాల గొడవ అని మేం చదువుకున్నాం. పైగా అప్పటి అధ్యక్షుడు లింకనే యూనియన్ (అమెరికా సమాఖ్య) కోసం యుద్ధం అన్నాడు కదా?

విశాఖ నుంచి:
సుంకాల గొడవ ఉంది మేష్టారూ, 1832లో సౌత్ కరోలినా దాని మీదే కేంద్రంతో తలపడింది. కానీ 1857 చట్టంతో సుంకాలు బాగా తగ్గాయి. మళ్లీ పెంచిన మోరిల్ చట్టం 1861 మార్చిలో వచ్చింది, అప్పటికే ఏడు రాష్ట్రాలు వెళ్లిపోయాయి.

లింకన్ మాట నిజమే. 1862 ఆగస్టులో ఒక పత్రికా సంపాదకుడికి రాసిన ఉత్తరంలో, నా మొదటి లక్ష్యం యూనియన్‌ని కాపాడటం అన్నాడు. అయితే ‘యుద్ధానికి కారణం’ అని మనం ఏకవచనంలో రాయడం వల్ల రెండు ప్రశ్నలు కలిసిపోతున్నాయి. వాళ్లు ఎందుకు వెళ్లిపోయారు? వీళ్లు ఎందుకు వెళ్లనివ్వలేదు? యూనియన్ అన్నది రెండోదానికి జవాబు. మొదటిదానికి జవాబు కావాలంటే విడిపోయినవాళ్ల రాజ్యాంగం చూడండి. బానిసల మీద ఆస్తిహక్కుని దెబ్బతీసే చట్టం తమ కాంగ్రెస్ చేయకూడదని రాసుకున్నారు. యజమాని బానిసల్ని వెంటపెట్టుకుని ఏ రాష్ట్రానికి వెళ్లినా ఆ ఆస్తిహక్కుకి లోటు రాకూడదనీ రాసుకున్నారు. ఆ ఒక్క విషయంలో మాత్రం రాష్ట్రాలకి స్వేచ్ఛ వద్దన్నమాట! ఆ రాజ్యాంగం వచ్చిన పది రోజులకి, 1861 మార్చి 21న, వాళ్ల ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ సవానా ఊళ్లో సభ పెట్టి, నల్లవాడు తెల్లవాడితో సమానం కాడన్నదే మా ప్రభుత్వానికి మూలరాయి అన్నాడు. ఓడిపోయాక అదే పెద్దమనిషి, ఇదంతా రాజ్యాంగ సూత్రాల తగువు అంటూ లావుపాటి పుస్తకం రాశాడు. మనకి చేరింది ఈ రెండో పాట.

ఇంకొకటి. 1860 జనాభా లెక్కల్లో సౌత్ కరోలినాలో సగానికి పైగా బానిసలే. మిసిసిపీలోనూ అంతే. ‘రాష్ట్రం హక్కు అడిగింది’ అంటే ఆ సగం పైచిలుకు మంది కూడా అడిగినట్టు వినపడుతుంది.

వరంగల్ నుంచి:
అక్కా, ఒక విన్నపం. సెసెషన్‌కి (దక్షిణాది రాష్ట్రాలు దేశం నుంచి విడిపోవడానికి) ‘వేర్పాటువాదం’ అని మాత్రం రాయకండి. తెలంగాణ అడిగినన్ని రోజులూ ఆ మాటతో మమ్మల్ని ఎన్ని అన్నారో. మేం అడిగింది దేశంలోనే ఇంకో రాష్ట్రం.

విశాఖ నుంచి:
నిజమే తమ్ముడూ. మీది దేశంలోనే కొత్త రాష్ట్రం ఏర్పాటుకి వీలిచ్చే మన రాజ్యాంగం మూడో అధికరణం దారి. ఆ యుద్ధంలో దానికి దగ్గరగా ఉన్నది వెస్ట్ వర్జీనియా. వర్జీనియా దేశాన్ని వదిలి పోతానంటే పడమటి జిల్లాల వాళ్లు మేం రామని చెప్పి, 1863 జూన్‌లో యూనియన్‌లోనే కొత్త రాష్ట్రమయ్యారు. దక్షిణాది చేసిన పనికి ‘యూనియన్ నుంచి వైదొలగడం’ అంటే చాలు.

డాలస్ నుంచి:
అందరికీ థాంక్స్. ఇలా మార్చాను, చూడండి: “లింకన్ గెలవగానే, మనుషుల్ని బానిసలుగా ఉంచుకునే హక్కు పోతుందన్న భయంతో దక్షిణాది రాష్ట్రాలు యూనియన్ నుంచి వైదొలిగాయి. దేశం ముక్కలు కాకుండా ప్రభుత్వం యుద్ధం చేసింది. 1863లో బానిసత్వం రద్దయింది.”

విశాఖ నుంచి:
మొదటి రెండు వాక్యాలూ బాగున్నాయి. మూడోది కొంచెం మార్చండి. 1863 జనవరి 1న లింకన్ చేసిన బానిసల విముక్తి ప్రకటన తిరుగుబాటులో ఉన్న ప్రాంతాలకే. కెంటకీ, డెలావేర్‌ లాంటి చోట్ల బానిసలుగా ఉన్నవాళ్లకి అది వర్తించలేదు. దేశమంతటా రద్దయింది 1865 డిసెంబరులో, అమెరికా రాజ్యాంగం 13వ సవరణతో.

తెనాలి నుంచి:
‘భయంతో’ తీసేసి ‘పోతుందని’ అని ఆపెయ్యి బాబూ, వాక్యం తేలికవుతుంది.